సమస్య: ఓడిన గుఱ్ఱమె జయించె నుర్వీజనులన్

నిర్వాహకుడు:
2025 సెప్టెంబరు 9న జపానులో ఒక ఆడగుర్రం చనిపోయింది. పేరు హరు ఉరర, వయసు 29. షికోకు దీవిలోని కోచి రేస్‌కోర్సులో 1998 నవంబరు నుంచి 2004 ఆగస్టు దాకా 113 పందేలు పరుగెత్తింది. ఒక్కటీ గెలవలేదు. అయినా దేశమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. చివరికి చిబా ప్రాంతంలోని ఒంజుకులో, కడుపుశూలతో కన్నుమూసింది. ఆ వార్త చదివిన రాత్రి ఈ పాదం తనంతట తానే నోటికొచ్చింది. ఇదే చివరి పాదంగా మిగిలిన మూడు పాదాలూ పూరించి కంద పద్యం పంపండి. ఆదివారం రాత్రి వరకు గడువు.

మలక్‌పేట:
రేస్‌కోర్సు గోడ పక్కన పెరిగినవాణ్ని. తెల్లవారుజామున గుర్రాలను తిప్పే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. మొదటి పూరణ నాదే కావాలని పనులన్నీ పక్కన పెట్టి రాశాను.

నాడట కోచిని బెట్టెను
వేడుక నూటపదుమూడు వీడని పరుగుల్
చూడగ వచ్చిరి వేలుగ
ఓడిన గుఱ్ఱమె జయించె నుర్వీజనులన్

చమత్కారి:
కొచ్చిలో గుర్రప్పందేలు ఎప్పుడు జరిగాయండీ?

నిర్వాహకుడు:
కేరళలోని కొచ్చి కాదు, జపానులోని కోచి. పైన రాశాను కదా, చదవండి.

తాటాకు:
మలక్‌పేట గారూ, మొదటి రెండు పాదాలూ కలిపి లెక్కిస్తే వచ్చే ఆరో గణంలో 'పదుమూడు' ఎంత చక్కగా కుదిరిందో! 'నూటప' భగణానికి పోయింది, 'దుమూడు' జగణమై ఆరో చోట కూర్చుంది. సంఖ్యను పద్యంలో పెట్టమంటే సగంమంది దాన్ని ముక్కలు చేసి చంపుతారు, మీరు పరుగెత్తించారు. ఇంకొకటి గమనించారో లేదో, మొదటి పాదంలో మూడూ భగణాలే, అంటే ఒక గురువు వెంట రెండు లఘువులు, మూడో పాదంలోనూ అంతే. పైకి చదివితే డెక్కల చప్పుడు వినిపిస్తుంది. రెండుసార్లు చదువుకున్నాను.

ఒక్క లోపం. 'వేలుగ' దగ్గర ఆగి 'ఓడిన' అని అచ్చుతో మొదలుపెట్టారు. విసంధి, అంటే సంధి కలపాల్సిన చోట కలపకపోవడం. 'వేలుగ'లోని 'గ' ద్రుతాంతం, దాని చివర నకారం ఉంటుంది, కాబట్టి 'నోడిన' అంటే సరిపోయేది.

మలక్‌పేట:
ఇచ్చిన పాదాన్ని ముట్టుకోకూడదని అలా వదిలేశాను.

తాటాకు:
సంధి కలిపితే పాదాన్ని ముట్టుకున్నట్టు కాదండీ. అవధాన సభల్లో సమస్య ఇచ్చే పృచ్ఛకులే ఒప్పుకుంటారు.

మలక్‌పేట:
ఒప్పుకున్నాను, 'నోడిన' అనే చదవండి. ఇక పద్యం పక్కన పెట్టి ఒక మాట. గెలవని గుర్రాన్ని రేస్‌కోర్సులో ఎవరూ మేపరు. గడ్డీ దాణా, లాడాలు, పశువైద్యుడు, గుర్రప్పనివాడి జీతం, అన్నీ యజమాని నెత్తినే పడతాయి. నాలుగైదు సీజన్లు ఖాళీగా పోతే దాని పేరు జాబితాలోంచి పోతుంది, తర్వాత ఎక్కడికి పోతుందో ఎవరూ అడగరు. అలాంటిది ఆరేళ్లలోపే 113 సార్లు బరిలోకి దింపారంటే, ఆ శిక్షకుడికి దాని మీద ఎంత మమకారం ఉండాలి! నాకు గుర్రం కన్నా ముందు ఆయనకే దండం పెట్టాలనిపిస్తోంది.

ఒసాకా నుంచి:
పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి కొంచెం చెప్పగలను. 'హరు' అంటే వసంతం, 'ఉరర' అంటే హాయిగా వెచ్చగా ఎండ కాసిన తీరు. ఆ రోజుల్లో కోచి రేస్‌కోర్సు అప్పుల్లో మునిగి మూతపడే స్థితిలో ఉంది. 2003లో వరుస ఓటముల సంగతి పత్రికలకెక్కింది. అప్పటి ప్రధాని కొయిజుమి కూడా ఇది ఒక్కసారైనా గెలిస్తే చూడాలని ఉందన్నారు. ఉద్యోగాలు పోయి మనుషులు దిగులుగా ఉన్న కాలం అది. ఓడినా మర్నాడు మళ్లీ చెవులు నిక్కించుకుని నిలబడే గుర్రాన్ని చూసి వాళ్లకు ఊపిరి తిరిగింది.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది దాని టికెట్టు. జపాను భాషలో పందెం టికెట్టుకు డబ్బు రాకపోయినా, బండి వచ్చి గుద్దకపోయినా చెప్పే మాట ఒకటే. అందుకని దాని పేరు మీద కొన్న టికెట్టును దారిలో ప్రమాదం జరగకుండా రక్షరేకులా దాచుకునేవారు. నాతో పనిచేసే పెద్దావిడ పర్సులో ఒకటి చూశాను. మడత దగ్గర కాగితం చిరిగితే వెనక పారదర్శకమైన టేపు అంటించింది. అంకెలు సగం చెరిగిపోయాయి, పేరు మాత్రం మిగిలింది. మొన్న ఆ వార్త విన్నాక దాన్ని తీసి బల్లమీద పెట్టుకుని, మధ్యాహ్నం భోజనం చేయకుండా కూర్చుంది. ఆవిడ కోసం రాసిన పూరణ ఇది:

చూడుము! పందెము దగులదు;
తోడుగ దాచిన దగులదు త్రోవను బండే;
వాడని యా నమ్మికతో
నోడిన గుఱ్ఱమె జయించె నుర్వీజనులన్

తాటాకు:
అమ్మా, ఈ వారానికి ఇదే. 'తగులు' రెండుసార్లు వచ్చి రెండు అర్థాలు ఇచ్చింది. పునరుక్తి కాదు, అదే ప్రాణం.

చమత్కారి:
బాగుంది. కానీ శ్లేష జపాను వాళ్లది. ఈవిడ తెలుగులోకి మోసుకొచ్చారు, అంతే. మోతకూలికి కూడా బహుమానం ఇస్తామా?

తాటాకు:
శ్లేషను ఎవరూ మోసుకురాలేరండీ, సరిహద్దు దగ్గరే విరిగిపోతుంది. అది ఇక్కడ బతికిందంటే మన మాటలోనే ఆ గుణం ఉంది. లాటరీ తగిలింది అంటాం, కాలికి రాయి తగిలింది అంటాం. రెండు దూరపు భాషల్లో ఒకే మాట ఒకే పని చేస్తుందని పట్టుకోవడమే ఆమె ప్రతిభ. పైగా 'తో'కు 'త్రో' యతి! 'త్రోవ' అన్నది యతికోసం తెచ్చిన మాట కాదు, బండి తగిలేది అక్కడే.

చమత్కారి:
సరే, నా పూరణ చూడండి. 'ఓడిన గుఱ్ఱము' అంటే ఓడిపోయిన గుర్రమే కానక్కర్లేదు.

చేడియ కద్రువతో దా
నాడిన పందెమున దోకయందున నలుపై
వీడుచు సుఖములను వినత
యోడిన గుఱ్ఱమె జయించె నుర్వీజనులన్

మలక్‌పేట:
అబ్బ! వినత ఓడిన గుర్రం! దాని తోక నల్లనిదా తెల్లనిదా అని కద్రువతో పందెం కాసిన ఉచ్చైశ్శ్రవం!

నిర్వాహకుడు:
విరుపు అందంగా ఉంది. 'వినత' మూడో పాదం చివర ఆగి, పాదం దాటగానే కర్త అయిపోవడం నాకు చాలా నచ్చింది. గుర్రం మీద పందెం కాసి ఓడిన మొదటి మనిషి మన కథల్లో వినతే కదా.

తాటాకు:
నేను ఒప్పుకోను. ఉచ్చైశ్శ్రవం ఉర్వీజనులను ఎప్పుడు జయించింది? అది పాలకడలిలో పుట్టి ఇంద్రుడికి దక్కింది. భూలోకంలో దాన్ని చూసినవాళ్లెవరు? మూడు పాదాలు ఉచ్చైశ్శ్రవానికి అతికాయి, నాలుగోది గాలిలో వేలాడుతోంది. ఉగాదికి ఇచ్చిన చీమ సమస్యలోనూ మీరు ఇంతే చేశారు. 'చీమ'ను 'చీ' అని విడగొట్టి, మిగిలిన 'మ'కు లక్ష్మి అని అర్థం చెప్పి తప్పించుకున్నారు. అప్పుడూ చప్పట్లు కొట్టారు. చీమ మాత్రం పద్యంలో లేదు. ఇప్పుడు హరు ఉరర లేదు.

చమత్కారి:
'మా' అంటే లక్ష్మి. తెలుగులో హ్రస్వమై 'మ' అయింది. 'రమ' కాలేదా? ఆరు నెలల తర్వాత కూడా దాన్నే తవ్వుతున్నారా?

తాటాకు:
వ్యాకరణం గురించి కాదు నేను అడిగేది. నిర్వాహకుడు గారు ఒక చావు గురించి సమస్య ఇచ్చారు. మీరు చనిపోయినదాన్ని పక్కకు తోసి మీ తెలివి చూపించారు. మీకు పద్యం చేతనవునని ఇక్కడ అందరికీ తెలుసు, కాబట్టే అడుగుతున్నాను.

కొత్త పెన్ను:
పెద్దలు మాట్లాడుతుండగా నా పూరణ పెడుతున్నాను, మన్నించండి. 2004 మార్చి 22న జపానులో పేరుమోసిన జాకీ తకె యుతక దీన్ని ఎక్కాడు. పదమూడు వేలమంది చూడవచ్చారు. పదకొండు గుర్రాల్లో పదోది అయింది.

జోడుగ నెక్కగ తాకే
చూడగ పదమూడువేలు చుట్టును మూగన్
మూడును నేడునుగ నిలిచి
యోడిన గుఱ్ఱమె జయించె నుర్వీజనులన్

తాటాకు:
మూడూ ఏడూ కలిపితే పది! పదో స్థానాన్ని అలా దాచారా! బాబూ, మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

ఒసాకా నుంచి:
నాకూ ఆ పాదం చాలా నచ్చింది. కానీ ఆ ఇంటిపేరులో దీర్ఘం లేదు. వచనంలో మీరే సరిగ్గా 'తకె' అని రాశారు, పద్యంలోకి వచ్చేసరికి 'తాకే' అయింది. రెండూ లఘువులే. ఇక్కడివాళ్లకు దీర్ఘం మారితే పేరు మారినట్టే.

కొత్త పెన్ను:
గణం కోసమే సాగదీశాను. తీసేస్తే రెండు మాత్రలు తగ్గుతాయి.

తాటాకు:
ఇంటిపేరు వదిలి పేరు పట్టుకోండి. 'జోడుగ నెక్కగ యుతకయె.' నాలుగూ లఘువులే, పేరు చెడలేదు. 'యె' వల్ల అంతటివాడే ఎక్కాడన్న బలం కూడా వచ్చింది.

కొత్త పెన్ను:
మార్చుకున్నాను. ధన్యవాదాలండీ.

మలక్‌పేట:
అంతటి జాకీ ఎక్కినా గెలవలేదు చూశారా. గెలిచి ఉంటే ఆ రోజే కథ అయిపోయేదేమో. చేతిలో టికెట్టు ఉన్నవాళ్లలో ఎంతమంది డబ్బు కోసం కొన్నారు? టికెట్టు డబ్బుగా మారకూడదని కోరుకునే జనాన్ని నా జన్మలో ఏ రేస్‌కోర్సులోనూ చూడలేదు.

చమత్కారి:
తాటాకు గారి మాట రెండు రోజులుగా ముల్లులా గుచ్చుకుంటోంది. ఒసాకా అమ్మగారు చెప్పిన పర్సు కూడా కళ్లముందు నుంచి పోవడం లేదు. వినత పద్యాన్ని నేను వెనక్కి తీసుకోను, అది బాగుంది. ఇది వేరే:

వీడెను నేడీ జగమును;
వాడదు పరువెట్టినట్టి వాసంతంబే!
నాడును దల దించక తా
నోడిన గుఱ్ఱమె జయించె నుర్వీజనులన్

ఒసాకా నుంచి:
పేరును పెట్టకుండానే పెట్టారు. హరు అంటే వసంతమని నేను చెప్పింది గుర్తుంచుకున్నారు. రేపు మా పెద్దావిడకు అర్థం చెప్పి వినిపిస్తాను. రెండో పాదం మాత్రం తెలుగులోనే చదువుతాను, ఆ చప్పుడు ఆవిడ వినాలి.

నిర్వాహకుడు:
'వసంతానికి చెందినది' అనే అర్థమున్న 'వాసంతము'ను నామవాచకంగా వాడటం మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా? తాటాకు గారూ?

తాటాకు:
ఉంటే ఉండవచ్చు. ఈ పద్యం మీద నేను ఆ ప్రశ్న వేయను. చమత్కారి గారూ, ఈసారి దేన్నీ విరవలేదు మీరు.