అప్‌డేట్: రోబో గ్రిప్పర్ గురి ఎందుకు తప్పుతోందో తెలిసింది

కన్వేయర్ మీద వచ్చే అల్యూమినియం భాగాలను కెమెరా గుర్తిస్తోంది, కానీ గ్రిప్పర్ (భాగాన్ని పట్టుకునే రోబో చెయ్యి) మాత్రం కొన్నిసార్లు పక్కకు దిగుతోంది, ఎందుకని కిందటి వారం అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ థ్యాంక్స్.

నేను రోబోనే అనుమానించాను. పాపం, దాని తప్పేమీ లేదు. ఫొటో అంచులకు వెళ్లేకొద్దీ తేడా పెరుగుతోందేమో చూడమని ఒకరు అన్నారు కదా, అచ్చం అలాగే ఉంది. ఫొటోలోని చోటు బెల్టు మీద ఎక్కడో రోబోకు తెలిపే క్యాలిబ్రేషన్‌ను, కొలతలు తెలిసిన గుర్తులున్న షీటును బెల్టు మీద పరిచి చేశాం. కెమెరా చూసేది మాత్రం భాగం పైముఖాన్ని. అది బెల్టుకు 40 మి.మీ. ఎత్తులో ఉంటుంది. కెమెరా ఎత్తు 800 మి.మీ. ఎత్తులో ఉన్నది కెమెరాకు దగ్గరవడంతో, మధ్య నుంచి ఇంకా దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. లెక్క వేస్తే, మధ్య నుంచి 200 మి.మీ. దూరంలో ఉన్నది 210 దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది. పది మిల్లీమీటర్లు! షీటును 40 మి.మీ. దిమ్మల మీద పెట్టి మళ్లీ క్యాలిబ్రేట్ చేశాక ఆ తేడా పోయింది.

నేరుగా వెలుగు కొట్టే రింగ్ లైటు తీసి, వెలుగును అన్ని వైపుల నుంచీ మెత్తగా పరిచే డోమ్ లైటు పెట్టాం, ఫొటోలో లోహం మీది మెరుపు మచ్చలూ తగ్గాయి.

ఇంకొకటి మిగిలింది. బెల్టు స్పీడు పెంచితే గ్రిప్పర్ ప్రతిసారీ కాస్త వెనకే దిగుతోంది. ఎన్‌కోడర్ (బెల్టు ఎంత కదిలిందో కొలిచే సెన్సర్) రీడింగును ఫొటో తీసిన క్షణంలో కాక, ప్రాసెసింగ్ అయ్యాక తీసుకుంటున్నామని నిన్న బయటపడింది. సెకనుకు 300 మి.మీ. వేగంలో 20 మిల్లీసెకన్ల ఆలస్యమంటే 6 మి.మీ. కెమెరా ట్రిగ్గర్‌తోనే (ఫొటో తీయమనే సిగ్నల్‌తోనే) రీడింగ్ పడేలా వైరింగ్ మారుస్తున్నాం. సోమవారం టెస్టు.