బైకు మెరుపు ద్రవాలు ఏ భాగాలకు సురక్షితం?

నా మోటారు సైకిల్ ట్యాంకుకు నిగనిగలాడే పెయింటు, పక్క ప్యానెళ్లకు మ్యాట్ (మెరుపు లేని) పెయింటు ఉన్నాయి. ముందు, వెనుక రెండూ డిస్క్ బ్రేకులే. ట్యాంకుకు మైనం పాలిష్ పట్టించడంలో నాకు సందేహం లేదు. మ్యాట్ భాగాలపై పాలిష్ పెట్టి రుద్దితే అక్కడక్కడా మెరుపు మచ్చలు పడి, అవి మళ్లీ పోవు కనుక, వాటికి గాఢత లేని షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డ సరిపోతాయా, లేక మ్యాట్ కోసమే తయారైన పూత ఏదైనా వాడాలా?

నా అసలు భయం సిలికాన్ స్ప్రే గురించి. నల్లని ప్లాస్టిక్ భాగాలపై దాన్ని నేరుగా చిమ్మినప్పుడు సన్నని తుంపర గాలిలో తేలి డిస్కుపై వాలితే, బ్రేకు ప్యాడ్లు దాన్ని పీల్చుకుని పట్టు కోల్పోతాయి. టైర్ల మెరుపు ద్రవం సంగతీ అంతే: కారుకు టైరు పక్కగోడ నేలను తాకదు గానీ, మలుపులో ఒరిగే బైకు దాదాపు టైరు అంచుమీదే నడుస్తుంది. అందుకే టైర్లకు మెరుపు అనవసరమని నా అభిప్రాయం, కాదనేవారు ఉంటే కారణం చెప్పండి.

ప్లాస్టిక్ భాగాలకు స్ప్రేను గుడ్డమీద చిమ్ముకుని, బండికి దూరంగా నిలబడి, ఆ గుడ్డతో తుడిస్తే చాలునా, లేక అప్పుడు కూడా డిస్కులను, క్యాలిపర్లను (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలను) కప్పి ఉంచాలా? ఒకవేళ తుంపర పడితే డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవవచ్చు సరే, ప్యాడ్లను మాత్రం శుభ్రం చేసి వాడుకోవచ్చా, మార్చక తప్పదా?

చివరిగా, ఓ-రింగ్ చైను (లింకుల మధ్య రబ్బరు వలయాలుండే చైను) రబ్బరును పెట్రోలు పాడుచేస్తుంది కదా, కిరోసిన్‌తో కడిగేవారు ఆ తర్వాత చైనును ఎంతసేపు ఆరనిచ్చి నూనె వేస్తున్నారు?