స్లైడింగ్ గేటు చక్రాలు అరిగిపోయాయి: ఇంట్లోవాళ్లమే మార్చుకోవచ్చా?

ప్రశ్న (కావలి):
అందరికీ నమస్కారం. కారు నిలిపే చోటుకు 12 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు ఉన్న ఇనుప స్లైడింగ్ గేటును తొమ్మిదేళ్ల క్రితం పెట్టించుకున్నాము. కింద రెండు చక్రాలు, నేలలో పాతిన యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుము) పట్టా, గోడ స్తంభానికి పైన రెండు గైడ్ రోలర్లు ఉన్నాయి. కొన్నాళ్లుగా తాళం వైపు చక్రం తిరగడం మానేసి పట్టా మీద ఈడ్చుకుపోతోంది. గేటు ఆ కొసన అర అంగుళం దిగి నేలను గీస్తోంది. మా అమ్మగారికి 72 ఏళ్లు. పగటిపూట ఇంట్లో ఆమె ఒక్కరే ఉంటారు, ఈ గేటును తోయలేకపోతున్నారు. వెల్డింగ్ షాపు వారు వస్తామంటూనే మూడు వారాలు గడిచిపోయాయి. గడ్డపారతో ఎత్తిపట్టుకుంటే పది నిమిషాల్లో చక్రం మార్చేయవచ్చని పక్కింటివారు చెబుతున్నారు. నేను, మా తమ్ముడు కలిసి ఈ పని చేయవచ్చా?

సమాధానం (ఒంగోలు):
చేయవచ్చు, కానీ గడ్డపారతో మాత్రం వద్దు. ముందు మీ గేటు బరువు ఎంతో లెక్క వేసుకోండి. ఇనుప రేకు ఒక మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. మీ గేటు వైశాల్యం దాదాపు 6.7 చదరపు మీటర్లు, రేకు 1.6 మిల్లీమీటర్లదైతే రేకు ఒక్కటే 84 కిలోలు. చుట్టూ ఉన్న ఫ్రేము, నిలువు పైపులు కలిపితే 150 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఇంత బరువు సన్నటి పట్టా మీద నిటారుగా నిలబడి ఉందంటే, దానిని పక్కకు ఒరగకుండా ఆపుతున్నవి పైనున్న ఆ రెండు గైడ్ రోలర్లే. చక్రాలు బరువును మోస్తాయి, నిలబెట్టేవి గైడ్లు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే ప్రమాదాలు జరుగుతున్నాయి.

నేను ముప్పై ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. కొత్తపట్నం వైపు ఒక ఇంట్లో రంగు వేయడానికి అడ్డమని ముందురోజు గైడ్ రోలర్లు విప్పేశారు. మరునాడు మేము చక్రం మార్చడానికి వెళ్లాము. పైకి చూడకుండానే ఒక కుర్రవాడు గడ్డపార వేసి ఎత్తాడు. చక్రం పట్టా దిగిన క్షణంలో గేటు మొత్తం అతని మీదికి వాలింది, తొడ ఎముక విరిగింది. అప్పుడు అక్కడ నలుగురం ఉన్నాము, ఒక్కరం కూడా ఆపలేకపోయాము. ఒరుగుతున్న గేటును చేతులతో ఆపగలమని ఎవరూ అనుకోవద్దు. ఒరిగితే వదిలేసి పక్కకు తప్పుకోవడమే మార్గం.

అందువల్ల గేటును పూర్తిగా మూసిన స్థితిలోనే పని మొదలుపెట్టండి. అప్పుడు ఒక కొస గైడ్లలోను, రెండో కొస తాళం స్తంభానికున్న గాడిలోను ఉంటాయి. ఆ తరువాత రెండు కొసలను మందమైన నైలాన్ తాడుతో స్తంభాలకు చుట్టండి; గేటు పైకి ఒక అంగుళం లేచే వీలుండాలి, పక్కకు మాత్రం కదలకూడదు. అదీ చాలదు. లోపలి వైపు రెండు, వీధి వైపు రెండు సరుగుడు కర్రలను ఏటవాలుగా ఆనించి, కర్ర మొదలు జారిపోకుండా నేలలో చిన్న గుంట తీసి దింపండి. సరుగుడు మన తీరంలో ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో బద్ధకించవద్దు.

ఎత్తడానికి కారు జాకీ చాలు. జాకీ కింద మందమైన పలక వేసి, జాకీ తలను చక్రానికి దగ్గరగా, ఫ్రేము పైపు కిందనే ఆనించాలి. రేకు కింద పెడితే రేకు వంగిపోతుంది. అర అంగుళం ఎత్తగానే ఫ్రేము కింద చెక్క దిమ్మ పెట్టండి, మరో అర అంగుళం ఎత్తి మరో పలక చేర్చండి. జాకీ ఎత్తడానికే, బరువు ఎప్పుడూ దిమ్మల మీదే ఉండాలి. మా వైపు చీమకుర్తి గ్రానైటు ముక్కలు ప్రతి పెరట్లోనూ దొరుకుతాయి కనుక వాటినే దిమ్మలుగా పెట్టేస్తుంటారు. నున్నటి రాయి మీద ఇనుము జారుతుంది, దయచేసి పెట్టవద్దు. ఒకసారి ఒక కొసనే ఎత్తండి. ఫ్రేముకు, పట్టాకు మధ్యకు వేళ్లు పోనివ్వకండి. పని పూర్తయ్యేదాకా పిల్లలను ఆ వైపు రానివ్వకండి.

ఒక్క విషయం ముందే చూసి చెప్పండి. మీ చక్రం బోల్టులు విప్పితే కొస నుంచి బయటికి వస్తుందా, లేక చక్రాన్ని ఫ్రేము అడుగు నుంచి కిందికి దించితే తప్ప రాదా? కొస నుంచి వచ్చేదైతే ఒక అంగుళం ఎత్తితే చాలు. కిందికే దించాలంటే ఫ్రేములో దాగి ఉన్న చక్రం ఎంత ఉందో అంత, అంటే రెండు మూడు అంగుళాలు ఎత్తాలి. అంత ఎత్తితే గేటు పై అంచు గైడ్లను దాటి పోయే అవకాశం ఉంది. అలాంటప్పుడు మీరిద్దరూ చేయవద్దు. మరో మూడు వారాలైనా సరే, పనివారి కోసం ఆగండి.

సమాధానం (నెల్లూరు, ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెబుతాను):
పైవారు చెప్పిన దానికి చక్రం కొనుగోలు గురించి కొంత చేరుస్తాను. యాంగిల్‌ను బోర్లించి పాతిన పట్టాకు వీ ఆకారపు గాడి ఉన్న చక్రం కావాలి. గుండ్రటి కడ్డీ పట్టాకైతే యూ ఆకారపు గాడి కావాలి. ఒకదాని మీద మరొకటి వేస్తే కొన్ని నెలల్లోనే గాడి అరిగిపోతుంది. వ్యాసాన్ని అరిగిన చక్రం మీద కొలవకండి, రెండో చక్రం మీద కొలవండి. బేరింగు మీద చెక్కిన సంఖ్య కూడా రాసుకోండి. 6204 అంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, మందం 14. ఇరుసు బోల్టు ఆ రంధ్రానికి వదులుగా ఉంటే కొత్త చక్రం కూడా వంకరగానే నడుస్తుంది.

సంఖ్య తరువాత ఉండే అక్షరాలను చాలామంది పట్టించుకోరు. జెడ్‌జెడ్ అంటే రెండు పక్కలా రేకు మూత, 2ఆర్‌ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు మూత. మన జిల్లాలలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు పట్టా గాడిలో నీరు నిలుస్తుంది, సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి ఏడాది పొడవునా వీస్తుంది. ముత్తుకూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు ఇళ్లలో రేకు మూత బేరింగులు తుప్పు పట్టి బిగుసుకుపోవడం నేను చాలా చూశాను. రబ్బరు మూతదే అడిగి తీసుకోండి. రెండు చక్రాలూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే గేటు ఒక కొసకు వాలి, బరువు మళ్లీ అసమానంగా పడుతుంది.

ప్రశ్న (నెల్లూరు):
మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా కారు షెడ్డుకు పలకలు పలకలుగా మడిచి పైకప్పు కిందికి లేచే తలుపు ఉంది. దాని పక్క రోలర్లు కూడా అరిగాయి. ఇదే పద్ధతి పనికివస్తుందా?

సమాధానం (నెల్లూరు, ఐటీఐ):
పనికిరాదండీ. మీ తలుపు బరువును పైనున్న స్ప్రింగు మోస్తుంది, ఆ బలం తీగల ద్వారా తలుపు అట్టడుగున ఉన్న బ్రాకెట్లకు చేరుతుంది. తలుపు మూసి ఉన్నప్పుడే స్ప్రింగు అత్యంత బిగువుగా ఉంటుంది. మధ్య పలకల రోలర్లను, మోటారు కరెంటు ఆపి, తలుపును కదలకుండా బిగించి, ఒక్కొక్కటిగా జాగ్రత్తపరులు మార్చుకోగలరు. అట్టడుగు బ్రాకెట్ల బోల్టులను మాత్రం ముట్టుకోవద్దు. విప్పిన మరుక్షణం తీగతో పాటు బ్రాకెట్ ఎగిరి మనిషిని కొడుతుంది. ఆ రెండు రోలర్లకూ, స్ప్రింగుకూ తెలిసిన మెకానిక్‌నే పిలవండి.

కావలి నుంచి మళ్లీ:
అన్నగారూ, మీరు అడిగినట్లు చూశాను. చక్రం ఒక ఇనుప పెట్టెలో ఉంది, ఆ పెట్టెను నాలుగు బోల్టులతో ఫ్రేము కొసకు బిగించారు. కొస నుంచే బయటికి వస్తుంది. అయితే ఒక సంగతి మొదట చెప్పలేదు. రెండేళ్ల క్రితం గేటుకు మోటారు పెట్టించాము. అది ఇప్పుడు గేటును లాగలేక ఆగిపోతోంది కాబట్టే చేత్తో తోస్తున్నాము.

సమాధానం (ఒంగోలు):
మోటారు ఉందని చెప్పి మంచి పని చేశారు. పనికి ముందు మోటారు ఎంసీబీ స్విచ్చును దించి, తాళంచెవితో క్లచ్ (మోటారును గేటుతో కలిపే లంకె) విడిపించండి. రిమోటు పొరపాటున ఎవరైనా నొక్కినా గేటు కదలకూడదు.

ఇక, గేటుకు బిగించిన పళ్ల పట్టీకి, మోటారు పళ్ల చక్రానికి మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. మీ గేటు అర అంగుళం దిగిందంటే ఆ సందు ఎప్పుడో పోయింది, అంటే ఇన్నాళ్లూ గేటు బరువులో కొంత మోటారు ఇరుసు మీదే పడుతోంది. అది ఆగిపోవడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు. కొత్త చక్రాలతో గేటు పైకి లేస్తుంది. అప్పుడు గేటును ఈ కొస నుంచి ఆ కొసదాకా చేత్తో నడిపిస్తూ నాలుగైదు చోట్ల సందును కొలవండి. ఎక్కువైతే పళ్లు జారతాయి, లేకపోతే మళ్లీ మోటారు మీద బరువు పడుతుంది. పట్టీ బోల్టులు వదులు చేసి సర్దిన తరువాతే ఎంసీబీ ఎక్కించండి.

పట్టాను వైరు బ్రష్షుతో శుభ్రం చేయండి, కానీ దానికి గ్రీజు గాని నూనె గాని పూయవద్దు. ఇసుక అంటుకుని సానరాయిలా చక్రాన్ని తినేస్తుంది.

కావలి నుంచి, ఆదివారం సాయంత్రం:
పని పూర్తయింది. కర్రలు, తాళ్లు కట్టడానికే గంటన్నర పట్టింది, రెండు చక్రాలు మార్చడానికి గంట కూడా పట్టలేదు. పాత చక్రం గాడి ఒక పక్క అడుగుదాకా తెగిపోయి, బేరింగు గోళీలు పొడి తుప్పుగా రాలాయి. పళ్ల పట్టీని రెండు చోట్ల సర్దవలసి వచ్చింది. ఇప్పుడు అమ్మగారు ఒక చేత్తో తోస్తున్నారు. ఒకటే సందేహం: గేటు తెరిచినప్పుడు చివరన దాన్ని ఆపే స్టాపరు అడుగుభాగం తుప్పు పట్టి పలుచబడింది. రంగు వేస్తే సరిపోతుందా?

సమాధానం (ఒంగోలు):
సరిపోదు. ఇదివరకు గేటు ఈడ్చుకుంటూ వచ్చి మెల్లగా ఆగేది. ఇప్పుడు చక్రాలు తేలికగా తిరుగుతున్నాయి కనుక అదే బరువు వేగంగా వచ్చి ఆ స్టాపరును కొడుతుంది. అది ఊడితే గేటు గైడ్లను దాటిపోయి పడుతుంది. కొత్తది వెల్డింగ్ చేయించండి. అప్పటిదాకా పట్టా చివర గేటుకు అడ్డంగా నేలకు ఒక యాంగిల్ ముక్కను యాంకర్ బోల్టులతో బిగించి ఉంచండి, అమ్మగారిని గేటు తెరవనివ్వకండి. వెల్డింగ్ రోజున మోటారు వైర్లు విప్పించండి. వెల్డింగ్ యంత్రం ఎర్తు క్లాంపును (కరెంటు తిరిగి యంత్రానికి పోయే తీగ చివరి పట్టును) స్టాపరుకు పక్కనే, అదే ఇనుము మీద పెట్టమనండి. గేటు మీద పెడితే ఆ కరెంటు చక్రాల గుండా పోయి, కొత్త బేరింగుల గోళీల మీద గుంటలు పడతాయి.

కావలి నుంచి, గురువారం:
ఈ రోజు ఉదయం స్టాపరు వేయించాము. క్లాంపు మీరు చెప్పిన చోటే పెట్టించాను. మోటారు కూడా ఆగకుండా లాగుతోంది.