ఎమ్యులేటర్ స్పీడ్ కోసం మిటిగేషన్స్ తీసేస్తే తప్పేంటి?

పాతపెట్టె:
పోయిన నెల బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ పీసీ కొన్నా. నాలుగో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, ఓ చిన్న గ్రాఫిక్స్ కార్డు. లినక్స్ మింట్ 21 వేసుకున్నా. పీఎస్2 ఎమ్యులేటర్‌లో (పాత ప్లేస్టేషన్ 2 గేముల్ని పీసీలో నడిపేది) గేమ్ బాగానే నడుస్తుంది కానీ నలుగురైదుగురు శత్రువులు ఒకేసారి మీద పడే చోట 60 ఫ్రేములు కాస్తా 51కి పడిపోయి సౌండ్ ముక్కలు ముక్కలుగా వస్తుంది. గ్రబ్ (పీసీ ఆన్ అవ్వగానే లినక్స్‌ని లోడ్ చేసేది) ఫైల్లో క్వయిట్ స్ప్లాష్ పక్కన మిటిగేషన్స్ ఆఫ్, అంటే ప్రాసెసర్ లోపాలకి వేసిన అడ్డుకట్టలు ఆపు, అని రాసి, అప్‌డేట్ గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేశా. అదే చోట 59, 60. రూపాయి ఖర్చు లేదు. మా పీజీలో ఇంకో ముగ్గురికి కూడా పెట్టిచ్చా. పాత పీసీ ఉన్నవాళ్లు ఇది ఎందుకు చేసుకోకూడదో ఎవరైనా చెప్పండి. ఇంట్లో వాడుకునే డబ్బాకి ఇన్ని తాళాలు ఎందుకు?

తాళంకప్ప:
చెయ్యొద్దు. ఆ ఒక్క మాటతో ఏం తీసేశావో తెలుసో లేదో అని వివరంగా రాస్తున్నా తమ్ముడూ. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడ్డాయి. టైమ్ కలిసొస్తుందని ప్రాసెసర్ తర్వాతి పనిని ముందే ఊహించి చేసేస్తుంది. ఊహ తప్పితే ఆ ఫలితం పారేస్తుంది, కానీ క్యాష్‌లో (చిప్ లోపలి చిన్న, వేగమైన మెమరీ) దాని ఆనవాలు మిగిలిపోతుంది. ఏ మెమరీ ఎంత త్వరగా అందిందో కొలిచి ఆ ఆనవాలు పట్టుకుంటే, ఒక ప్రోగ్రామ్ దాచుకున్నది ఇంకో ప్రోగ్రామ్ చదివెయ్యొచ్చు. అది పాస్‌వర్డ్ కావచ్చు, బ్యాంకు లాగిన్ కావచ్చు. నీ నాలుగో జనరేషన్ చిప్‌లో ఈ లోపాలు రెండూ ఉన్నాయి. కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వీటికి ఏళ్ల తరబడి కట్టుకుంటూ వచ్చిన అడ్డుకట్టలన్నీ నువ్వు ఒక్క లైనుతో పడగొట్టావు, అదీ ఎనిమిది తొమ్మిది ఫ్రేముల కోసం.

రెండుబటన్లు:
మా చిన్నప్పుడు క్యాసెట్ తీసి నోటితో ఉఫ్ అని ఊది పెడితే నడిచేది. స్పీడ్ గొడవే లేదు.

ఫ్రేమ్‌లెక్క:
51 నుంచి 60 అంటే నేను నమ్మను. మెల్ట్‌డౌన్ ప్యాచ్ ఖర్చు ప్రోగ్రామ్ కెర్నెల్‌లోకి వెళ్లొచ్చిన ప్రతిసారీ పడుతుంది. వేల చిన్న చిన్న ఫైళ్లు చదివేవాళ్లకి, సర్వర్లు నడిపేవాళ్లకి ఆ దెబ్బ తగిలింది. ఎమ్యులేటర్ అలా కాదు. పీఎస్2 ప్రాసెసర్ ఆదేశాలని అప్పటికప్పుడు మన చిప్ భాషలోకి మార్చుకుని తన సొంత మెమరీలోనే తిప్పుకుంటూ ఉంటుంది, కెర్నెల్ గడప తొక్కేది చాలా తక్కువ. ఒకటి రెండు ఫ్రేముల తేడా అంటే సరే అంటా. ఎన్నిసార్లు కొలిచావు? ఒకే సేవ్ స్టేట్ (గేమ్‌ని ఒక క్షణం దగ్గర ఆపి దాచుకున్నది) నుంచేనా? సీపీయూ గవర్నర్ (చిప్ ఎంత స్పీడ్‌లో నడవాలో చూసేది) పర్ఫార్మెన్స్‌లో పెట్టావా?

పాతపెట్టె:
ఒకే సేవ్ స్టేట్, గవర్నర్ పర్ఫార్మెన్స్, ఐదేసిసార్లు. ముందు 51, 51, 52, 51, 50. తర్వాత 59, 60, 59, 60, 60. నోట్‌బుక్‌లో రాసుకున్నా. కళ్లతో చూసినదాన్ని నమ్మనంటే నేనేం చెయ్యాలి?

@తాళంకప్ప, 2018 నుంచి అందరూ ఇదే భయం చెబుతున్నారు. ఇంట్లో ఉన్న పీసీ మీద ఈ స్పెక్టర్‌తో ఎవరి డబ్బు పోయింది? ఒక్క కేసు చూపించు, ఇప్పుడే తీసేస్తా.

తాళంకప్ప:
కేసు చూపించమంటే ఎలా? ఈ దాడి మామూలు లాగ్ ఫైళ్లలో గుర్తు వదలదని కనిపెట్టినవాళ్లే రాశారు. పోయినా దేనివల్ల పోయిందో నీకు తెలియదు. ఇది ఊరికే కాగితం మీది లెక్క కూడా కాదు. 2021లో గూగుల్ వాళ్లే బ్రౌజర్‌లో మామూలు జావాస్క్రిప్ట్‌తో స్పెక్టర్ నడిపి చూపించారు, సెకనుకి ఒక కిలోబైటు చొప్పున మెమరీ బయటికొచ్చింది. నీ పాస్‌వర్డ్ ఎంత పొడుగుంటుంది?

ఇంకోటి. నువ్వు రామ్ ఫైళ్లు, అంటే గేమ్ కాపీలు (మెమరీ ర్యామ్ కాదు), ఎక్కడి నుంచి దించుతున్నావు? రామ్ అంటే ఫొటో లాంటిది కాదు, అది నడిచే ప్రోగ్రామ్. జెడ్‌స్నెస్ అని 90లలో అందరూ వాడిన ఎమ్యులేటర్‌లో, కావాలని తయారుచేసిన రామ్ తెరిస్తే మన పీసీలోనే కోడ్ నడిచే లోపం 2015లో బయటపడింది. 2016లో ఇంకా ఘోరం. పాత ఉబుంటులో నింటెండో పాటల ఫైలుని ఎంపీ3 అని పేరు మార్చి ఇస్తే, ప్లేయర్ లోపల నింటెండో చిప్ 6502ని అనుకరించే బుల్లి ఎమ్యులేటర్ దాన్ని నడిపేది. ఆ 6502 కోడే బయటికి దూకి డెస్క్‌టాప్‌ని చేతిలోకి తీసుకునేది. 1983 నాటి గేమ్ మెషిన్ ఆదేశాలతో మొత్తం కంప్యూటర్ పోయింది. ఎమ్యులేటర్ ఆడేవాడు దీన్ని మర్చిపోతే ఎలా?

పాతపెట్టె:
నేను అడిగింది ఒకటి, నువ్వు చెబుతున్నది ఇంకోటి. ఆ రామ్ లోపాలకీ మిటిగేషన్స్‌కీ సంబంధం ఏంటి? అవి ఆన్‌లో ఉంటే ఆ 6502 పాట ఆగేదా? ఆగదు. అది ప్లేయర్‌లో తప్పు. రెండూ కలిపి భయపెట్టొద్దు.

ఫ్రేమ్‌లెక్క:
ఈ ఒక్క ముక్కలో అతనిదే కరెక్ట్.

గాలిపటం_బీటీఎం:
విండోస్‌లో కూడా ఇదే గోల. మెమరీ ఇంటిగ్రిటీ (దొంగ కోడ్ కెర్నెల్‌లోకి చొరబడకుండా చూసేది) ఆపితే గేమ్స్ స్పీడ్ పెరగొచ్చని, కావాలంటే ఆపుకుని ఆట అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోమని 2022లో మైక్రోసాఫ్టే రాసింది. కంపెనీయే ఆపుకోమన్నాక మనకేంటి?

తాళంకప్ప:
మళ్లీ ఆన్ చెయ్యమంది కదా, ఆ ముక్క చదవండి. ఎంతమంది చేస్తారు? ఒకసారి ఆపింది ఆపినట్టే ఉండిపోతుంది. తమ్ముడూ, నువ్వు వాడేది పదేళ్లు దాటిన చిప్. ఇంకొంచెం డబ్బు దాచుకుని ఎనిమిదో జనరేషన్‌దో పైదో తీసుకుంటే అడ్డుకట్టలు తీసెయ్యకుండానే స్పీడ్ సరిపోతుంది, సెకండ్ హ్యాండ్‌లో ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి.

పాతపెట్టె:
ముందు నన్ను తమ్ముడూ అనడం ఆపు. మొదటి పోస్టు నుంచి చూస్తున్నా.

ఇంకొంచెం డబ్బు దాచుకోవాలా? నేను పీణ్యలో షిఫ్ట్ టెక్నీషియన్‌ని. చేతికి 19,000 వస్తుంది, పీజీకి 7,500, ఇంటికి 6,000. ఈ పీసీకే ఐదు నెలలు పట్టింది. హిందూపురంలో మా వీధి చివర పీఎస్2 పార్లర్ ఉండేది, అరగంటకి పది రూపాయలు. నా దగ్గర ఎప్పుడూ ఉండేవి కాదు. ఆడేవాడి కుర్చీ వెనక నిలబడి చూసేవాణ్ణి, ఓనరు చూస్తే బయటికి పంపేసేవాడు. ఎవడెక్కడ తప్పు బటన్ నొక్కాడో నాకు ముందే తెలిసేది కానీ ప్యాడ్ చేతికి ఇచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు అదే గేమ్ నా గదిలో నా పీసీ మీద ఆడుతున్నా. అది ముక్కలు ముక్కలుగా వస్తుంటే ఎలా ఉంటుందో బెళ్లందూరులో కొత్త ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లకి తెలియదు. నా పీసీ, నా రిస్కు. పోతే నాది పోతుంది.

రెండుబటన్లు:
అన్నా, ఆ పార్లర్ మాట చదివి నాకు మా కదిరి గుర్తొచ్చింది.

తాళంకప్ప:
సరే, తమ్ముడూ అనను. మీ జీతం సంగతి తెలియక అన్నాను, అది తప్పే.

కానీ నేను ఊరికే మొండికేస్తున్నానని అనుకోవద్దు. నాలుగేళ్ల కింద ఒంగోలులో మా నాన్న కంప్యూటర్ స్లోగా ఉందని అక్కడి రిపేరు షాపుకి ఇచ్చాడు. అతను స్పీడ్ పెరగాలని యాంటీవైరస్ తీసేసి, అప్‌డేట్లు ఆపేసి ఇచ్చాడు. నిజంగానే స్పీడ్ పెరిగింది, నాన్న ఫోన్ చేసి మరీ సంతోషంగా చెప్పాడు. రెండు నెలలకి ఖాతాలోంచి 84,000 పోయాయి. అది స్పెక్టర్ కాదు, నాకు తెలుసు, ఏదో మామూలు దొంగ ప్రోగ్రామ్. కానీ తీసేసినవాడు ఏం తీశాడో నాన్నకి చెప్పలేదు. అప్పటి నుంచి ఆయన కంప్యూటర్ ముట్టుకోలేదు. 68 ఏళ్ల మనిషి పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకు లైన్లో నిలబడుతున్నాడు. స్పీడ్ కోసం తీసెయ్యండి అని ఎవరైనా రాస్తే నాకు ఆ షాపే కనిపిస్తుంది.

కప్పుకాఫీ:
ఇంతసేపూ అందరూ ఫ్రేములు, చిప్‌లు అంటున్నారు కానీ పాతపెట్టె గారి మొదటి పోస్టులో ఇంకో ముగ్గురికి పెట్టిచ్చానని ఉంది. ఆ ముగ్గురి సంగతి ఎవరూ అడగలేదు. మీ పీసీ మీ ఇష్టం, నేను ఒప్పుకుంటా. వాళ్లకి చెప్పే చేశారా? వాళ్లు ఆ పీసీల మీద గేమ్సే ఆడతారా, ఇంకేమైనా చేస్తారా?

పాతపెట్టె:
స్పీడ్ పెరుగుతుందని చెప్పా. వాళ్లే అడిగారు.

కప్పుకాఫీ:
ఏం తీసేస్తున్నారో చెప్పారా?

ఫ్రేమ్‌లెక్క:
నాకు ఈ తొమ్మిది ఫ్రేములు నిద్ర పట్టనివ్వట్లేదు. పాతపెట్టె, ఎమ్యులేటర్ ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ చేశావు? మామూలుగానా, ఫ్లాట్‌ప్యాక్‌లోనా (ప్రోగ్రామ్‌ని విడిగా ఒక పెట్టెలో పెట్టి నడిపేది)? ఆ లైను తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేసి, సిస్ ఫోల్డర్‌లో డివైసెస్, సిస్టమ్, సీపీయూ, వల్నరబిలిటీస్ లోపల స్పెక్ స్టోర్ బైపాస్ అని ఫైలుంటుంది, అందులో ఏముందో రాయి. కెర్నెల్ వెర్షన్ కూడా.

పాతపెట్టె:
ఫ్లాట్‌ప్యాకే. తాళంకప్ప ఎప్పుడో ఇక్కడ రాసిన పోస్టు చూసే అలా వేశా, రామ్‌లో ఏదైనా ఉన్నా పెట్టె దాటి బయటికి రాదని రాశారు. కెర్నెల్ 5.15. ఆ ఫైల్లో డిసేబుల్డ్ వయా పీఆర్‌సీటీఎల్ అండ్ సెక్‌కాంప్ అని ఉంది.

ఫ్రేమ్‌లెక్క:
దొరికింది! నీ లెక్క నిజమే, నమ్మనందుకు సారీ. చిప్ ఒక విలువని మెమరీలో రాయడం పూర్తి కాకముందే తర్వాత చదవాల్సింది ముందుకు పంపేస్తుంది, స్పీడ్ అక్కడి నుంచి వస్తుంది. అందులోనూ ఒక లోపం 2018 మే నెలలో బయటపడింది. 5.16 కంటే ముందు కెర్నెళ్లలో సెక్‌కాంప్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని ఏమేం అడగొచ్చో కట్టడి చేసే తాళం) వాడే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఆ వెసులుబాటు ఆపేసేవాళ్లు. ఫ్లాట్‌ప్యాక్ తన పెట్టెని సెక్‌కాంప్‌తోనే బిగిస్తుంది. క్షణక్షణం రాసి చదివే ఎమ్యులేటర్‌కి అది గట్టి దెబ్బ. 2022 జనవరిలో వచ్చిన 5.16లో ఆ అలవాటు మానేశారు. అంటే నువ్వు పడగొట్టాల్సింది ఒక్క ఇటుక, గోడ మొత్తం కాదు. మిటిగేషన్స్ ఆఫ్ తీసేసి, స్పెక్ స్టోర్ బైపాస్ డిసేబుల్ ఈక్వల్స్ పీఆర్‌సీటీఎల్ (ప్రోగ్రామ్ తానే అడిగితేనే ఆ వెసులుబాటు ఆపు అని అర్థం) అని పెట్టి చూడు. లేదా కొత్త కెర్నెల్ వేసుకో.

పాతపెట్టె:
అంటే జాగ్రత్త కోసం వేసుకున్న పెట్టె వల్లే స్లో అయిందా?

తాళంకప్ప:
ఆ పెట్టె వేసుకోమన్నది నేనే. ఇలా దెబ్బ పడుతుందని నేను అప్పుడు రాయాల్సింది. అయినా ఆ పెట్టె తీసెయ్యొద్దు, రామ్‌కి అదే అడ్డు.

గాలిపటం_బీటీఎం:
మరి విండోస్‌లో దీనికి ఏం చెయ్యాలి?

పాతపెట్టె:
పెట్టి చూశా. 58, 58, 57, 58, 58. సౌండ్ తెగట్లేదు. మిగతా రెండు ఫ్రేములు కూడా కావాలి, కాబట్టి గ్రబ్‌లో రెండో ఎంట్రీ పెట్టుకున్నా, అందులో అన్నీ ఆఫ్, వైఫై కూడా ఆఫ్, ఆట మాత్రమే. దీన్ని తప్పంటే ఒప్పుకోను, ఇది నా పీసీ.

@కప్పుకాఫీ, మీరు అడిగినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. చెప్పలేదు. నాకే పూర్తిగా తెలియదు, ఇంక వాళ్లకేం చెబుతా. ఒకతను దాని మీద షేర్లు కొంటాడు, ఇంకొకతను వాళ్ల అమ్మ పెన్షన్ చూస్తాడు. ఇందాక రెండో అంతస్తుకి వెళ్లి ఇద్దరికీ విషయం చెప్పి ఆ లైను తీసేశా. షేర్ల అతను కోప్పడ్డాడు, పడనీ. మూడో అతనిది నైట్ షిఫ్ట్, గదికి తాళం వేసుంది. పొద్దున ఏడింటికి వస్తాడు, అప్పటిదాకా మెట్ల దగ్గరే చూసుకుంటా.

తాళంకప్ప:
వైఫై ఆఫ్ చేశామనుకోవడం వేరు, కావటం వేరు. ఆ ఎంట్రీలో నెట్‌వర్క్ డ్రైవరే లోడ్ కాకుండా చెయ్యండి, ఎలాగో రాత్రికి రాస్తా.

ఫ్రేమ్‌లెక్క:
మూడోసారి 57 ఎందుకొచ్చింది?