రైజెన్ 5600 వాడేవారికి ఓవర్‌క్లాకింగ్ వల్ల ఒరిగేదేమిటి?

చరణ్ (గుంటూరు)

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నా కంప్యూటరులో రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 3200 వేగం గల 16 జీబీ డీడీఆర్4 మెమరీ, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. కూలర్ ప్రాసెసర్ పెట్టెలో వచ్చినదే. బ్లెండర్‌లో చిన్న యానిమేషన్లు చేస్తుంటాను, సాయంత్రాలు కాసేపు ఆటలు ఆడతాను.

మా తరగతిలో ఒక మిత్రుడు ఇదే ప్రాసెసర్‌ను ఆరు కోర్ల మీదా 4.6 గిగాహెర్ట్జ్‌కు పెంచి నడుపుతున్నాడు. నన్ను కూడా మంచి టవర్ కూలర్ ఒకటి కొని అలాగే చేయమంటున్నాడు. మా బావ మాత్రం, కంపెనీ ఇచ్చిన వేగంతో పని జరుగుతున్నప్పుడు లేనిపోని తలనొప్పి ఎందుకు తెచ్చుకోవడం అంటున్నారు. ఇద్దరి మాటా నాకు సబబుగానే తోస్తోంది. కంపెనీ ఇచ్చిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను నడిపే ఈ ఓవర్‌క్లాకింగ్‌ను అసలు ఇంతమంది ఇంత ఓపికగా ఎందుకు చేస్తారు? నా అవసరాలకు ఇందులో నిజంగా లాభం ఉందా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని మనవి.

మూర్తి

చరణ్, ఎందుకు చేస్తారన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, ప్రాసెసర్ మీద ముద్రించిన వేగం ఎలా నిర్ణయమవుతుందో ముందు చెప్పాలి. ఆ అంకె ఆ చిప్పు చేరగలిగిన గరిష్ఠ వేగం కాదు. ఆ పేరుతో అమ్మే ప్రతి చిప్పూ వేడి గదిలోనైనా, అంతంతమాత్రపు బోర్డు మీదనైనా ఏళ్ల తరబడి తప్పు లేకుండా నడుస్తుందని తయారీదారు హామీ ఇవ్వగలిగిన వేగం అది. ఒకే సిలికాన్ పలక నుంచి కోసిన చిప్పులలో కొన్ని తక్కువ వోల్టేజీతోనే పరుగెడతాయి, కొన్నిటికి ఎక్కువ వోల్టేజీ కావాలి. వాటిని పరీక్షించి తరగతులుగా విడదీస్తారు. అయితే తయారీ బాగా కుదిరి మంచి చిప్పులే ఎక్కువగా వచ్చిన రోజుల్లో, బజారులో చవక రకానికే గిరాకీ ఉంటే, పై తరగతికి తగిన చిప్పులు కూడా కింది తరగతి పేరుతోనే అమ్ముడవుతాయి. అలా మిగిలిపోయిన సామర్థ్యాన్ని కొన్నవాడు వెలికి తీసుకోవడమే ఓవర్‌క్లాకింగ్.

దీనికి నేటికీ అందరూ చెప్పుకునే ఉదాహరణ 1998 ఆగస్టులో ఇంటెల్ తెచ్చిన సెలెరాన్ 300ఏ. విడుదలైనప్పుడు దాని ధర 149 డాలర్లు. దాని బస్ (ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే దారి) వేగం 66 మెగాహెర్ట్జ్, గుణకం (బస్ వేగానికి ఎన్ని రెట్లు నడవాలో చెప్పే అంకె) 4.5, కనుక మొత్తం సుమారు 300. బస్‌ను 100కు మార్చితే గుణకం మారకుండానే 450 అవుతుంది. అదే సమయంలో వచ్చిన 450 మెగాహెర్ట్జ్ పెంటియమ్ 2 ధర 600 డాలర్ల పైమాట. సెలెరాన్‌లో రెండో స్థాయి క్యాష్ (డేటాను చేతికందేలా ఉంచుకునే చిన్న మెమరీ) 128 కేబీయే అయినా అది చిప్పులోనే ఉండి పూర్తి వేగంతో నడిచేది. పెంటియమ్ 2లో 512 కేబీ ఉన్నా సగం వేగమే. అందువల్ల చాలా ఆటలలో ఈ చవక చిప్పు ఆ ఖరీదైన చిప్పుతో సమానంగా నిలిచింది. పైగా 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డులు 100 మెగాహెర్ట్జ్ బస్‌కే తయారైనవి కనుక, బస్ పెంచినా బోర్డులో గుచ్చే పీసీఐ కార్డులు తమ మామూలు 33 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉండేవి. అబిట్ బీహెచ్6 వంటి బోర్డులో ఇదంతా బయోస్ అనే బోర్డు సెట్టింగుల తెరలోనే మార్చుకునే వీలుండేది. ఆ వీలు లేని బోర్డు ఉన్నవారు ప్రాసెసర్ కార్డు అంచున బి21 అనే కాంటాక్టు మీద సన్నని టేపు ముక్క అతికించి లోపలికి దించేవారు. ఆ ఒక్క కాంటాక్టు తెగితే బోర్డు దాన్ని 100 మెగాహెర్ట్జ్ చిప్పుగా గుర్తించేది. కొన్నాళ్లకు ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్ చిప్పులు వచ్చాక, పైభాగాన కనిపించే ఎల్1 అనే చిన్న చుక్కలను మామూలు పెన్సిలుతో గీసి కలిపి, గుణకాన్ని మార్చనివ్వని తాళం తీసేవారు. గ్రాఫైట్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కదా.

ఆ రోజుల్లో ఇది సరదా మాత్రమే కాదు. చేతిలో డబ్బు లేని విద్యార్థి ఖరీదైన యంత్రం పనితీరును సొంతం చేసుకునే మార్గం. 2011లో వచ్చిన కోర్ ఐ5-2500కె వరకూ ఆ పరిస్థితి ఎంతో కొంత కొనసాగింది. మామూలుగా 3.3 గిగాహెర్ట్జ్ ఉండే ఆ చిప్పును మంచి కూలరుతో 4.5 దాకా తీసుకెళ్లడం సర్వసాధారణంగా ఉండేది. ఆ తరువాత తయారీదారులే ఆ మిగులును వాడేయడం మొదలుపెట్టారు. మీ 5600నే చూడండి. దాని మూల వేగం 3.5 అయినా, వేడి, విద్యుత్తు అనుమతించినంత మేర అది తనంతట తానే 4.4 దాకా వెళ్తుంది. అంటే మేము చేత్తో చేసిన పనిని నేడు చిప్పు క్షణక్షణం తానే చేసుకుంటోంది. మీకు మిగిలింది చాలా కొద్ది. ఈ తేడాను గుర్తించకుండా, పాత కథలు విని నేటి చిప్పు నుంచి కూడా అంత లాభం ఆశించడం వల్లనే చాలామంది నిరాశపడుతున్నారు.

సుజాత

నేను హైదరాబాదులో వీడియో ఎడిటింగ్ స్టూడియో యంత్రాలను చూసుకుంటాను. మూర్తి గారు కారణం చెప్పారు, నేను లెక్క చెబుతాను.

ఆరు కోర్లూ పని చేస్తున్నప్పుడు మీ ప్రాసెసర్ సుమారు 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుందనుకుందాం. 4.6కు పెంచితే వేగం తొమ్మిదిన్నర శాతం పెరుగుతుంది. ప్రాసెసర్ మీదే పూర్తిగా ఆధారపడిన పని గంట పట్టేదైతే ఇకపై 55 నిమిషాలు పడుతుంది. ఇప్పుడు మూల్యం చూడండి. చిప్పు ఖర్చు చేసే విద్యుత్తు వేగానికి అనులోమంగానూ, వోల్టేజీ వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. 4.6 కోసం వోల్టేజీని 1.2 నుంచి 1.32కు పెంచవలసి వస్తే, వర్గం వల్ల 21 శాతం, దానిపై వేగం వల్ల తొమ్మిదిన్నర శాతం కలిసి మొత్తం 32 శాతం అధికమవుతుంది. మీ చిప్పు మామూలు హద్దు 76 వాట్లు. అది 100 వాట్ల దాకా పోతుంది. కరెంటు బిల్లు గురించి బెంగ అక్కర్లేదు. రోజుకు నాలుగు గంటలు అలా నడిపినా నెలకు మూడు యూనిట్లే అదనం. అసలు సమస్య వేడి. పెట్టెలో వచ్చిన ఆ చిన్న కూలర్ 100 వాట్లను మోయలేదు. గది ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు ఉష్ణోగ్రతా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో గుంటూరులో నిక్షేపంగా నడిచిన సెట్టింగు, మే నెలలో ఏసీ లేని గదిలో నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మీరు 600 వీఏ యూపీఎస్ వాడుతున్నట్లయితే, ఆ తరగతిలో చాలావాటి సామర్థ్యం 360 వాట్లేనని గుర్తుంచుకోండి. మీ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 170 వాట్లు తీసుకోగలదు.

ఇంత చేసినా మీ పనిలో తేడా కనిపించదు. బ్లెండర్‌లోని సైకిల్స్ అనే రెండరింగ్ ఇంజిన్‌లో ఆర్‌టీఎక్స్ కార్డును ఆప్టిక్స్ పద్ధతిలో వాడుతున్నప్పుడు రెండరింగ్ భారమంతా కార్డు మీదే ఉంటుంది. చాలా ఆటలలో కూడా 3060 ముందుగా తన హద్దును చేరుతుంది కనుక ప్రాసెసర్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆ కూలర్ డబ్బును మరో 16 జీబీ మెమరీ వైపు మళ్లిస్తే పెద్ద సీన్లు తెరిచేటప్పుడు మీకు వెంటనే తెలుస్తుంది. మరొక మాట, ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగిన నష్టం వారంటీ కిందకు రాదని ఏఎండీ, ఇంటెల్ రెండూ తమ నిబంధనలలోనే చెబుతాయి.

కిరణ్

సుజాత గారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే లాభం అనే మాటను నిమిషాలకూ వాట్లకూ మాత్రమే పరిమితం చేయడం నాకు సమ్మతం కాదు. ద్రవ నైట్రోజన్, ద్రవ హీలియం పోసి చిప్పును గడ్డకట్టించి వేగాన్ని కొలిచేవారు ఉన్నారు. 2011లో ఏఎండీ ఎఫ్ఎక్స్-8150ను 8.429 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లి గిన్నిస్ రికార్డు సాధించారు, 2023లో ఇంటెల్ కోర్ ఐ9-14900కెఎఫ్ 9 గిగాహెర్ట్జ్ దాటింది. ఆ వేగంతో ఎవరూ ఒక ఉత్తరం కూడా టైపు చేయరు. ఒక వస్తువు హద్దు ఎక్కడుందో స్వయంగా తెలుసుకోవాలన్న తపనే వారిని నడిపిస్తుంది. అది నాకు ఎంతో గౌరవించదగినదిగా అనిపిస్తుంది. వోల్టేజీ, ఉష్ణోగ్రత, వేగం పరస్పరం ఎలా ముడిపడి ఉన్నాయో తరగతిలో చదవడం వేరు, మీ బల్ల మీద ఉన్న యంత్రంలో 25 మిల్లీవోల్టులు తగ్గించి ఏమవుతుందో చూడటం వేరు. ఇంజనీరింగ్ విద్యార్థికి ఈ పాఠం విలువైనది.

చరణ్, మీరు చేయదలచుకుంటే 4.6 దగ్గర బిగించడం మాత్రం వద్దు. అలా బిగిస్తే ఒక్క కోరుకే పని ఉన్నప్పుడూ, ఏ పనీ లేనప్పుడూ కూడా వోల్టేజీ ఎక్కువగానే ఉంటుంది. మీ బోర్డు బయోస్ కొత్తదైతే అందులో పీబీఓ (చిప్పు తనంతట తాను వేగం పెంచుకునే హద్దులను మార్చే అమరిక) కింద కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది. అది ఒక్కొక్క కోరుకు ఒక్కొక్క వేగం దగ్గర ఇవ్వవలసిన వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గిస్తుంది. తక్కువ వోల్టేజీ అంటే తక్కువ వేడి, ఆ మిగిలిన వెసులుబాటును చిప్పు తనంతట తానే వేగంగా మార్చుకుంటుంది. కూలర్ మార్చకుండానే ఉష్ణోగ్రత తగ్గి, వేగం కాస్త పెరగడం ఈ పద్ధతిలో సాధ్యం. మైనస్ 10తో మొదలుపెట్టండి.

ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే మోసపోతారు. సినీబెంచ్ అనే పరీక్షా ప్రోగ్రాం అరగంట నడిచింది కనుక అంతా బాగుందనుకుంటారు. కానీ వోల్టేజీ చాలనప్పుడు ఈ పద్ధతిలో యంత్రం సాధారణంగా పూర్తి భారం మీద ఉన్నప్పుడు ఆగిపోదు. బ్రౌజరులో ఏదో చదువుకుంటుండగా, ఒకే కోరు క్షణకాలం గరిష్ఠ వేగానికి ఎగిసినప్పుడు, తెర నల్లబడి మళ్లీ మొదలవుతుంది. విండోస్‌లో దోషాల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే వీయా-లాగర్ పేరుతో 18వ నంబరు దోషం కనబడుతుంది. దాని వివరాలలో ఉండే ఏపిక్ ఐడీని బట్టి ఏ కోరు తడబడిందో తెలుస్తుంది. ఆ ఒక్క కోరుకు మాత్రం వోల్టేజీ కొద్దిగా తిరిగి ఇస్తే సరిపోతుంది. కోర్‌సైక్లర్ అనే ఉచిత సాధనం ఒక్కొక్క కోరునూ విడివిడిగా పరీక్షిస్తుంది, దాన్ని వాడండి.

చరణ్ (గుంటూరు)

ముగ్గురికీ ధన్యవాదాలు. బ్లెండర్ సెట్టింగులు చూశాను, ఆప్టిక్స్ ఎంచుకునే ఉంది. ఈ మధ్యాహ్నం ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి సినీబెంచ్ నడిపితే ప్రాసెసర్ 84 డిగ్రీలకు చేరింది. దాని హద్దు 90 అని ఉంది కనుక సుజాత గారు చెప్పినట్లు వేసవిలో పెంచడానికి చోటే లేదు. మరొక విషయం గమనించాను. టాస్క్ మేనేజరులో మెమరీ వేగం 2400 అని చూపిస్తోంది. నేను కొన్నది 3200 కదా, అందుకు కారణం ఏమై ఉంటుంది?

సుజాత

చరణ్, అందరికంటే ముందు సరిచేయవలసింది అదే. మెమరీ ముక్కలు ఏ బోర్డు మీదనైనా లేచి నిలబడేందుకు మొదట తక్కువ వేగంతోనే మొదలవుతాయి. ప్యాకెట్ మీద ఉన్న 3200 వేగం, దానికి తగిన టైమింగులు, 1.35 వోల్టుల అమరిక వాటిలోనే ఎక్స్‌ఎంపీ అనే పేరుతో దాచి ఉంటాయి. బయోస్‌లో దాన్ని ఎంచుకుంటే తప్ప అమలు కావు. మీ బోర్డులో దాని పేరు ఏ-ఎక్స్‌ఎంపీ అనో డీఓసీపీ అనో ఉండవచ్చు. రైజెన్‌లో కోర్లకూ మెమరీకీ మధ్య ఉండే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ మెమరీ వేగంతో కలిసి నడుస్తుంది కనుక, ప్రాసెసర్ మీద ఆధారపడిన ఆటలలో ఈ ఒక్క మార్పు మీ మిత్రుడి 4.6 కంటే ఎక్కువ ఫలితం ఇచ్చే అవకాశం ఉంది. ఖర్చు ఏమీ లేదు. మెమరీ కొనేటప్పుడు మాత్రం విడిగా రెండో ముక్క తెచ్చి కలపకుండా, జతగా అమ్మే సెట్టునే తీసుకోవడం క్షేమం.

అయితే నిబంధనల ప్రకారం ఎక్స్‌ఎంపీ కూడా ఓవర్‌క్లాకింగే, కాబట్టి పరీక్ష తప్పనిసరి. మెమరీ దోషం యంత్రాన్ని ఆపకపోవచ్చు, మౌనంగా ఫైళ్లను పాడు చేయవచ్చు. మా దగ్గరకు ఒకసారి వచ్చిన ఒక యంత్రం రోజంతా ఏ ఇబ్బందీ లేకుండా నడిచేది. కానీ దానిలో కట్టిన ఆర్కైవ్ ఫైళ్లను తెరవబోతే, లోపలి డేటా మారిపోయిందని తెలిపే సీఆర్‌సీ దోషం చూపించేది. అదే ఫైలును మళ్లీ కాపీ చేస్తే ఒకసారి బాగుండేది, ఒకసారి చెడిపోయేది. మెమరీ వేగాన్ని ఒక మెట్టు తగ్గించగానే ఆ దోషం పోయింది. అప్పటికే పాడైన ఫుటేజీ మాత్రం తిరిగి రాలేదు. కనుక మీ ప్రాజెక్టులను ముందు వేరే డ్రైవులోకి కాపీ చేసుకోండి, ఎక్స్‌ఎంపీ పెట్టిన రాత్రే పెన్‌డ్రైవ్ నుంచి మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 తెల్లవార్లూ నడపండి. ఒక్క దోషం కనిపించినా 3000కు దించి మళ్లీ పరీక్షించండి. అది నిలకడగా ఉందని తేలాకే కిరణ్ గారు చెప్పిన కర్వ్ ఆప్టిమైజర్ జోలికి వెళ్లండి. రెండూ ఒకేసారి మార్చితే, యంత్రం ఆగిపోయినప్పుడు ఏది కారణమో తేల్చడం చాలా కష్టమవుతుంది.