అప్‌డేట్: తాత కోసం నవ్వించే నవల అడిగాను కదా

కంటి ఆపరేషనయ్యి హనుమకొండలో మా దగ్గరుంటున్న తాతకు చదివి వినిపించడానికి సరదా నవల చెప్పమని అడిగాను. మీరు చెప్పిన యోనాస్ యోనాసన్ స్వీడిష్ నవల ఇంగ్లిష్ అనువాదం తెచ్చాను. స్వీడిష్‌లో 2009లో వచ్చింది. నూరో పుట్టినరోజున వృద్ధాశ్రమం కిటికీలోంచి దిగి పారిపోయే అలన్ కథ. చదువుతూ తెలుగులో చెప్తున్నాను.

అలన్ డబ్బుల సూట్‌కేసు ఎత్తుకుపోయినప్పుడు తాత కొంచెం నవ్వాడు. అలన్‌ది డైనమైట్ పని అనగానే మాత్రం లేచి కూర్చున్నాడు. ఆయన గోదావరిఖని బొగ్గుబాయిలో షాట్ ఫైరర్‌గా, అంటే రంధ్రాల్లో మందు పెట్టి బొగ్గు పేల్చే పని చేశాడు. "రంధ్రంల మట్టి గట్టిగ కూరకపోతే పేలుడు బయటికే తంతది. గా ముచ్చట రాసిండా బిడ్డా?" అని అడిగాడు. కథలో అలన్‌కు స్టాలిన్, అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఎదురుపడ్డా తాతకు పట్టలేదు. నాకు సోన్యా అనే ఏనుగు ఎంతో నచ్చింది.

చెప్పినవాళ్లకు చాలా థ్యాంక్స్. బాయి పనోళ్ల కథలేమైనా ఉంటే చెప్పండి, తాత అడుగుతున్నాడు.