బర్మా టేకు అయితే బర్మా కుర్చీయేనా? మా తాతగారి పడక కుర్చీ మీద మీ మాట చెప్పండి

సీతమ్మధార మనవరాలు:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక టేకు పడక కుర్చీ ఉంది. కేన్ అల్లిక, వెనక్కి వాలిన వీపు, కాళ్లు చాపుకోవడానికి చేతుల కింద నుంచి బయటికి తిరిగే పొడుగాటి పట్టీలు. "మీ తాత 1942లో రంగూన్ నుంచి వస్తూ తెచ్చుకున్నారే" అని మామ్మ చెప్పేది. తాతగారు రంగూన్ రేవులో గుమాస్తాగా పనిచేసిన మాట నిజం. మొన్న పాలిష్ పెట్టిద్దామని చూపిస్తే, పాత ఫర్నిచర్ కొనే ఒకాయన "నూట యాభై ఏళ్ల నాటిది, బర్మాది, ఇచ్చేయండి" అన్నాడు. మా బాబాయేమో ఇది ఇక్కడే విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర చేయించిందే, రంగూన్ మాట ఉత్తదే అంటాడు. అమ్మేద్దామని కూడా ఆయనే అంటున్నాడు. నాకు ఇష్టం లేదు. తాతగారి గురించి మాకు మిగిలింది ఈ కుర్చీ ఒక్కటే. అది ఎక్కడిదో ఎప్పటిదో తేల్చే దారి ఉందా?

పాత సామాను ప్రేమికుడు:
ఫోటోలో చెక్క గీత చూస్తేనే తెలిసిపోతోంది, అసలైన బర్మా టేకు. ఇంత దగ్గర దగ్గర గీతలు మన టేకులో రావు. చెక్క బర్మాది అయినప్పుడు కుర్చీ కూడా బర్మాదే. పైగా విశాఖపట్నం ఫర్నిచర్‌కి కంపెనీ రోజుల్లోనే లండన్ దాకా పేరు ఉండేది. ఎలా చూసినా లక్షలు పలికే సరుకు. పెద్దావిడ చెప్పింది నమ్మండి, ఇంక పరీక్షలెందుకు?

భీమిలి తీరం:
రెండు వేరు వేరు సంగతులు కలిపేశారండీ. లండన్‌లో పేరున్న విశాఖపట్నం పని అంటే 18వ శతాబ్దంలో కంపెనీ దొరల కోసం చేసిన దంతపు పని. రోజ్‌వుడ్, ఎబొనీ చెక్కల్లో ఏనుగు దంతం పొదిగి, దాని మీద పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిని చూడొచ్చు. ఆ పనికీ ఈ పడక కుర్చీకీ చుట్టరికం లేదు. ఆ పేరు చెప్పి ధర పెంచడం కొనేవాడికీ అమ్మేవాడికీ మంచిది కాదు.

ఇక టేకు. బర్మా టేకూ, మన గోదావరి అడవుల టేకూ ఒకే జాతి చెట్టు. నెమ్మదిగా పెరిగిన చెట్టు ఎక్కడున్నా గీతలు దగ్గరగానే ఉంటాయి. కంటితో చూసి దేశం చెప్పేయడం సాహసం. ఒకవేళ బర్మా చెక్కే అనుకుందాం. రంగూన్, మౌల్మీన్ రేవుల నుంచి టేకు దుంగలు 19వ శతాబ్దమంతా బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఊళ్లకి వచ్చాయి. మన పాత మేడల దూలాలూ ద్వారబంధాలూ అవే కదా. చెక్క ఓడెక్కి వచ్చినంత మాత్రాన కుర్చీ కూడా ఓడెక్కి వచ్చిందని ఎలా అంటాం?

వయసు సంగతీ అంతే. పచ్చి టేకు నీళ్లలో తేలదు. అందుకని అడవిలో చెట్టు మొదట్లో చుట్టూ బెరడు కోసి, నిలబడి ఉండగానే రెండు మూడేళ్లు ఎండనిచ్చి, అప్పుడు నరికి ఐరావతి నదిలో వదిలేవారు. రేవు చేరేసరికి ఇంకొంత కాలం. పాత ఇల్లు పడగొడితే ఆ దూలం కోసి కుర్చీ చేయించుకున్న ఇళ్లూ బోలెడు. చెక్కకి నూట యాభై ఏళ్లుండి కుర్చీకి యాభై ఏళ్లే ఉండొచ్చు.

ఇంకొకటి, మామ్మగారి మాటని కాదనాలని కాదు గానీ 1942లో రంగూన్ నుంచి కుర్చీ తెచ్చుకోవడం నాకు నమ్మకంగా లేదు. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 6న మన విశాఖ మీదే బాంబులు పడ్డాయి. ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లు ఇంత బరువు ఎలా మోస్తారు?

బర్మా క్యాంప్ పిల్లాడు:
ఇక్కడ నాకు కొంచెం బాధగా ఉంది సార్. మా ముత్తాత అరకాన్ కొండల దారిన నడిచే వచ్చారు. చేతిలో ఇత్తడి చెంబు ఒక్కటే, అది ఇప్పటికీ మా దేవుడి గూట్లో ఉంది. కాబట్టి మీరు చెప్పిన బరువు లెక్క నాకు తెలుసు. కానీ అందరూ నడిచి రాలేదు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక కూడా కొన్ని వారాలు ఓడలు నడిచాయి.

అంతకు ముందు 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె దగ్గర మొదలై మన తెలుగువాళ్ల మీద పెద్ద దాడులు జరిగాయి. ఆ తరవాత సామాను సర్దుకుని తిరిగొచ్చేసిన కుటుంబాలు ఉన్నాయి. 1937లో బర్మా మన దేశం నుంచి వేరుపడింది, అప్పుడూ కొందరు వచ్చారు. పెద్దవాళ్ల జ్ఞాపకంలో పెద్ద ఏడాది చిన్న ఏడాదుల్ని మింగేస్తుంది. మా ఇంట్లో ఏ సంగతి అడిగినా "యుద్ధం అప్పుడు" అనే అనేవారు. మామ్మగారు చెప్పిన ఏడాది తప్పు కావచ్చు, అంతమాత్రాన ఊరు కూడా తప్పు అనకండి.

అల్లిపురం వడ్రంగి:
అమ్మా, ముందు ఒక్క మాట. పాలిష్ ఆపేయండి. ఉప్పు కాగితం ఒక్కసారి తగిలితే కుర్చీ చెప్పాల్సిందంతా పొడి అయి రాలిపోతుంది. మా నాన్న దగ్గరికి ఇలాంటివి వస్తే ముందు తిరగేసి అరగంట ఊరికే చూసేవారు. "మొహం అందరూ తుడుస్తారు బాబూ, కడుపు ఎవుడూ తుడవడు" అనేవారు.

దుప్పటి పరిచి బోర్లించండి. టార్చి పక్క నుంచి పట్టుకోండి, పైనుంచి వద్దు. సీటు పట్టీల లోపలి వైపు చిత్రిక పట్టరు కాబట్టి రంపం గీతలు ఉండిపోతాయి. గీతలు వంపు తిరిగి ఉంటే గుండ్రటి మిల్లు రంపం. తిన్నగా, కానీ ఒకదానికొకటి ఎడం మారుతూ వాలుగా ఉంటే ఇద్దరు మనుషులు లాగిన చేతి రంపం. చేతి కోత మా చిన్నప్పటి దాకా ఉంది కాబట్టి అదొక్కటే చూసి పాతదనుకోకండి.

తరవాత స్క్రూలు. ఒకటి మాత్రం జాగ్రత్తగా తీసి మొన చూడండి. మొన మొద్దుగా, తల మీద గాడి పక్కకి జరిగి ఉంటే చాలా పాతది. 1850ల తరవాత మిషన్ మీద మొన తేలిన స్క్రూలు వచ్చేశాయి. ప్లస్ గుర్తు స్క్రూ ఉంటే అది 1930లకు ముందుది కానే కాదు. అయితే ఆ స్క్రూ మొదటి నుంచీ ఉందా, రిపేరుకి పెట్టారా అన్నది చూడాలి. మొదటిదైతే రంధ్రం ఒక్కటే ఉంటుంది, చుట్టూ చెక్కకి నల్లగా తుప్పు మరక పడుతుంది.

అతుకు దగ్గర తెల్లటి, గాజులాంటి జిగురు కనిపిస్తే ఫెవికాల్ కావచ్చు, అది 1959లో వచ్చింది. గోధుమ రంగులో పెళుసుగా రాలితే మరగబెట్టి పూసే పాత తోలు జిగురు. పాలిష్‌కి కూడా కనపడని మూల స్పిరిట్ ముంచిన దూది అద్దండి. కరిగి అంటుకుంటే లక్క పాలిష్.

తరిమెన (చెక్కని తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం) పట్టిన కాళ్లని వెర్నియర్‌తో రెండు వైపులా కొలవమని పుస్తకాల్లో రాస్తారు. చెక్క అడ్డంగా కుంచించుకుని గుండ్రం కాస్తా కోడిగుడ్డు అవుతుందని. మాట నిజమే గానీ టేకు కుంచించుకోవడం తక్కువ, మన సముద్రం గాలిలో ఇంకా తక్కువ. నేనైతే దాని మీద నిలబడను.

కంచరపాలెం రైల్వే:
వెనక కాళ్ల లోపలి వైపు అచ్చు ఏదైనా ఉందేమో చూడండమ్మా. మా క్వార్టర్స్‌లో బి.ఎన్.ఆర్ అని కాల్చి వేసిన టేకు కుర్చీలు ఉండేవి. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో పుట్టింది, 1952లో ఆ పేరు పోయింది. మూడక్షరాలు దొరికితే అరవై అయిదేళ్ల గడిలోకి వచ్చేస్తాం. వంచిన చెక్క హోటల్ కుర్చీలకీ ఇదే పద్ధతి. ఆ కుర్చీలు చేసే వియన్నా కంపెనీ థోనెట్ వాళ్ల పేటెంట్ హక్కు 1869లో తీరిపోయాక ఎందరో అదే నమూనా చేశారు. వంపు చూసి పేరు చెప్పలేం. సీటు కింద చీటీలో ఆస్ట్రియా అని ఉందా, చెకోస్లొవేకియా అని ఉందా అన్నది చూస్తే 1918కి ఇటా అటా తెలుస్తుంది.

పాత సామాను ప్రేమికుడు:
ఇన్ని తిప్పలు ఎందుకు, చిన్న ముక్క కోసి కార్బన్ పరీక్షకి పంపితే సరిపోదా?

భీమిలి తీరం:
సరిపోదు. సుమారు 1650 నుంచి 1950 వరకు వేరు వేరు ఏళ్ల కార్బన్ లెక్కలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, ఏ వందేళ్లో విడదీయలేరు. 1950ల అణుపరీక్షల తరవాత పెరిగిన చెక్కయితే మాత్రం పట్టుకుంటారు. అదైనా చెప్పేది చెట్టు సంగతే, కుర్చీది కాదు. చెట్టు వలయాలు లెక్కపెట్టాలన్నా కుర్చీ కాలిలో సరిపడా వలయాలు ఉండవు.

సీతమ్మధార మనవరాలు:
నిన్న బోర్లించి చూశాను. రైల్వే అచ్చు లేదు. లోపలి గీతలు తిన్నగా, వాలుగా ఉన్నాయి. చేతుల కింద గాడి స్క్రూలు నాలుగు, మొన తేలినవే, చుట్టూ నల్ల మరక. ఎడమ పట్టీకి ప్లస్ గుర్తు స్క్రూ ఒకటి ఉంది గానీ దాని పక్కనే పాత రంధ్రం పూడ్చినట్టు ఉంది. స్పిరిట్‌కి పాలిష్ కరిగి దూదికి ఎర్రగా అంటింది.

ఇంకొకటి దొరికింది. వెనక పట్టీ లోపల, కుసి (పట్టీ చివరి నాలుక) బెజ్జంలోకి దిగే చోట ఉలితో చెక్కిన గుర్తు ఉంది. మొదట గీతలు అనుకున్నాను. వేలితో దుమ్ము తీసి చూస్తే మన తెలుగు అంకె, ౨ (రెండు). ముందు పట్టీ మీద మాత్రం ౧ (ఒకటి) ఉంది. నాకు ఒళ్లు జలదరించింది. బాబాయి చూసి "చూశావా, తెలుగు వడ్రంగి చేసిందే, ఇక్కడిదే" అన్నాడు.

బర్మా క్యాంప్ పిల్లాడు:
బాబాయి గారికి చెప్పండి, రంగూన్‌లో మనవాళ్లు తక్కువేం కాదు. తెలుగు అంకె వేసిన చెయ్యి తెలుగుదే, అంతవరకూ ఒప్పుకుంటాను. ఆ చెయ్యి ఏ ఒడ్డున ఉందో అంకె చెప్పదు.

భీమిలి తీరం:
రంగూన్ వడ్రంగంలో కాంటన్ చైనావాళ్లు ఎక్కువ. ఈ అంకెతో నా మొగ్గు విశాఖ వైపే. అయినా నూట యాభై ఏళ్లన్న మాట మాత్రం నిలవదు. ఆ స్క్రూలు, ఆ పాలిష్ 1900 తరవాతవి కూడా కావచ్చు. నన్నడిగితే 1910కీ 1940కీ మధ్య అంటాను. ఇది గట్టి ఊహే, రుజువు కాదు.

అల్లిపురం వడ్రంగి:
ఒకే కుర్చీలో ౧, ౨ రెండూ ఉన్నాయా? పట్టీ పట్టీకి వేరే అంకె వేయడం కూడా ఉంది, కానీ అప్పుడు ౩, ౪ కూడా ఉండాలి. పక్క పట్టీలు చూడండి. అవి రెండూ ౨ అయితే ఇది జతలో రెండో కుర్చీ, ముందు పట్టీ మొదటి దానిది. అంటే రెండు కుర్చీలనీ ఎప్పుడో ఒకేసారి విప్పి బిగించారు. ఓడలో చోటు కోసం విప్పారో, ఇక్కడే రిపేరుకి విప్పారో. జత కుర్చీ ఎవరి దగ్గరుంది?

సీతమ్మధార మనవరాలు:
పక్క పట్టీలు రెండూ ౨. ఇప్పుడే తగరపువలసలో ఉన్న మా పెద్దత్తకి ఫోన్ చేశాను. ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్లు. "అదేటే, దాని జోడుది మా ఇంటి అటక మీదే ఉంది కదా, నా పెళ్లికి మీ తాత ఇచ్చారు" అంది. కేన్ పోయిందట, చట్రం మాత్రం బాగుందట. ఎక్కడ కొన్నారని అడిగితే తెలీదంది. కానీ చిన్నప్పుడు రెండు కుర్చీలూ గోనెలో చుట్టి ముక్కలుగా వచ్చాయని, నాన్న వరండాలో కూర్చుని తనే బిగించుకున్నారని అంది. ఏ ఏడాదో చెప్పలేకపోయింది.

బాబాయి అమ్మే మాట ఆపాడు. ఆదివారం వెళ్తున్నాం.

అల్లిపురం వడ్రంగి:
అటక మీద నుంచి దించేటప్పుడు చేతులు పట్టుకుని లాగకండి, చట్రం పట్టుకోండి. ముందు పట్టీ మీద ౨ ఉందేమో చూడండి. గోనె పీచు ఏ బెజ్జంలోనైనా ఇరుక్కుని ఉంటే తియ్యకండి, నేనూ వస్తాను.